బంతాటకూ ఓ పద్దు పుస్తకం

ఫుట్‌బాల్ అన్న మాట కనబడగానే "ఇది మనకోసం కాదులే, మావారికో మా అబ్బాయికో" అని పేజీ తిప్పేయబోతున్నారు కదూ? ఒక్క నిమిషం ఆగండి. ఈ వారం చెప్పబోయేది గోలు ఎవరు కొట్టారన్న సంగతి కాదు. పదిమంది డబ్బు పదిమంది కోసం ఖర్చయ్యే చోట పద్దు ఎవరు రాస్తారు, బీరువా తాళం ఎవరి దగ్గరుంటుంది, లెక్క అడిగే హక్కు ఎవరికుంది అన్న సంగతి. ఈ విషయంలో మన ఆడవాళ్ళకి ఒకరు పాఠం చెప్పక్కర్లేదు.

మన పల్లెల్లో డ్వాక్రా సంఘాలు నడిపిన ఏ అమ్మనైనా అడగండి. పదిమంది కూడి నెలనెలా పొదుపు చేస్తే సరిపోదు, బ్యాంకువారు అప్పిచ్చే ముందు పుస్తకాలు తెమ్మంటారు. సమావేశాలు వేళకి జరిగాయా, సభ్యులు తమలో తాము అప్పులు ఇచ్చిపుచ్చుకున్నారా, పొదుపు ఆగకుండా కట్టారా, తీసుకున్నది తిరిగి కట్టారా, లెక్కల పుస్తకం ఎప్పటికప్పుడు రాశారా అని చూస్తారు. వీటికే పంచసూత్రాలని పేరు. అయిదూ సరిగ్గా ఉన్న సంఘానికి అప్పు సులువుగా పుడుతుంది, లేని సంఘం బ్యాంకు గుమ్మం చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ప్రపంచ ఫుట్‌బాల్‌ని నడిపే పెద్దలకి ఈపాటి సంగతి ఒంటబట్టడానికి చాలా ఏళ్ళు పట్టిందంటే మీరు నమ్మాలి.

ప్రపంచ ఫుట్‌బాల్‌కి పెద్దదిక్కు ఫిఫా. 1904లో పారిస్‌లో పుట్టింది, ఇప్పుడు కాపురం స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో. దాని కింద 211 జాతీయ సంఘాలున్నాయి. మన దేశం తరఫున ఉన్నది అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య, 1937లో మొదలైంది. ఈ జాతీయ సంఘం ఏం చేస్తుందో తెలుసా? ఆట ఆడదు. పెళ్ళింట్లో వధూవరుల్ని అందరూ చూస్తారు గానీ, వంటవాళ్ళని కుదిర్చిందెవరు, విస్తళ్ళు లెక్కపెట్టిందెవరు, పొద్దున్నే పాలు తెప్పించిందెవరు అని ఎవరైనా చూస్తారా? సంఘం పని అలాంటిది. రిఫరీలకి శిక్షణ ఇవ్వాలి, కోచ్‌లను తయారు చెయ్యాలి, ఏడాది పొడుగునా పోటీల పట్టిక వెయ్యాలి, పిల్లల వయసు పత్రాలు చూసి పేర్లు నమోదు చెయ్యాలి, జట్లు ఊరు వెళితే టిక్కెట్టూ బసా భోజనమూ చూడాలి. ఇవన్నీ సక్రమంగా జరిగితే ఎవరికీ కనబడవు, ఒక్కటి తప్పితే మాత్రం ఆడేపిల్లలు ఇంటికొచ్చేస్తారు.

ఈ ఖర్చులన్నీ భరించుకోగల దేశాలు కొన్నే. చాలా చిన్న దేశాల్లో సంఘానికి సొంత ఆఫీసు గది కూడా ఉండేది కాదు. ప్రపంచ కప్పుని టీవీలో చూపించే హక్కులు అమ్మితే ఫిఫాకి బోలెడు డబ్బు వస్తుంది, అందులోంచి పేద సంఘాలకి ఏటా కొంత పంచాలని 1999 నుంచి రెండు పథకాలు నడిచాయి. ఒకటి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల చొప్పున ప్రతి సంఘానికీ ఇచ్చే ఆర్థిక సహాయం, రెండోది గోల్ అనే పేరుతో ఆఫీసులూ, మైదానాలూ, శిక్షణ కేంద్రాలూ కట్టించే పథకం. మంచిదే కదా? కాదని ఎవరంటారు. చాలాచోట్ల నిజంగానే పచ్చిక మైదానాలు లేచాయి. సహాయం డబ్బులో 15 శాతం ఆడపిల్లల ఆటకే ఖర్చు పెట్టాలన్న నియమం కూడా తర్వాత వచ్చింది.

అయితే కట్టడం కట్టడంతో ఒక చిక్కుంది. గృహప్రవేశం రోజున రిబ్బను కత్తిరించి ఫొటో తీయించుకోవచ్చు. రిఫరీలకి శిక్షణ ఇచ్చామని ఎవరు ఫొటో తీయించుకుంటారు? అదీగాక స్థలం ఎవరి పేర ఉందో ముందే చూసుకోకపోతే ఏమవుతుందో ట్రినిడాడ్ కథ చెబుతుంది. ఉత్తర, మధ్య అమెరికా దేశాలకీ కరీబియన్ దీవులకీ కలిపి కాంకకాఫ్ అనే సమాఖ్య ఉంది. ఏళ్ళ తరబడి దానికి అధ్యక్షుడు జాక్ వార్నర్. ట్రినిడాడ్‌లో శిక్షణ కేంద్రం కట్టడానికని సుమారు 2 కోట్ల 60 లక్షల డాలర్లు ఖర్చయ్యాయి. 2013లో ఆ సమాఖ్యే నియమించిన విచారణ సంఘం కాగితాలు తిరగేస్తే తేలిందేమిటంటే, కేంద్రం ఉన్న స్థలం సమాఖ్య పేర లేదు, వార్నర్‌గారి కంపెనీల పేర ఉందని! ఆయన మాత్రం తానే తప్పూ చెయ్యలేదన్నారు. ఉమ్మడి డబ్బుతో కట్టిన ఇల్లు ఒక్కడి పేర రిజిస్టరయితే ఏమంటారో మన ఇళ్ళలో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

2015 మే నెలలో జ్యూరిక్‌లోని ఓ పెద్ద హోటల్లో తెల్లవారుజామున పోలీసులు ఫుట్‌బాల్ పెద్దలను పట్టుకెళ్ళిన వార్త మీకు గుర్తుండే ఉంటుంది. దాని తర్వాతే ఇల్లు సర్దుకోవడం మొదలైంది. 2016లో ఫిఫా ప్రధాన కార్యదర్శి కుర్చీలో సెనెగల్ దేశపు ఫాత్మా సమూరా కూర్చున్నారు. ఆ కుర్చీలో మొదటి మహిళ. ఆవిడ ఫుట్‌బాల్ క్రీడాకారిణి కాదు, ఐక్యరాజ్యసమితిలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసిన మనిషి. 2023 చివరి దాకా ఆ పదవిలో ఉన్నారు.

ఆ ఏడే ఫార్వర్డ్ అనే కొత్త పథకం పెట్టారు. ఇందులో డబ్బు పెరిగింది, షరతులూ పెరిగాయి. ముందు సంఘమూ ఫిఫా కూర్చుని, వచ్చే కొన్నేళ్ళలో ఏం చెయ్యాలో ఒప్పందం రాసుకోవాలి. ప్రధాన కార్యదర్శి జీతం మీద ఉన్నాడా, ఆట సంగతి చూసే సాంకేతిక డైరెక్టరు ఉన్నాడా, మగవాళ్ళ లీగుతో పాటు ఆడవాళ్ళ లీగు నడుస్తోందా, అబ్బాయిలకీ అమ్మాయిలకీ వేరువేరుగా పోటీలున్నాయా, రిఫరీల శిక్షణ జరిగిందా అని చూసి, చేసినదాన్నిబట్టి డబ్బు విడుదల చేస్తారు. ఏడాదికోసారి బయటి ఆడిటరు లెక్కలు చూడాల్సిందే. 2023 నుంచి 2026 దాకా నాలుగేళ్ళకి ఒక్కో సంఘానికి 80 లక్షల డాలర్ల వరకు కేటాయించారు. మన రూపాయల్లో 65 కోట్ల పైమాటే. అందులో 50 లక్షలు రోజువారీ నడకకి, 30 లక్షలు నిర్మాణాలు వగైరా పనులకి. చూశారా, రోజువారీ నడకకే ఎక్కువ! ఇల్లు కట్టడం ఒకసారి ఖర్చు, ఇల్లు నడపడం ప్రతి నెలా ఖర్చు అని వాళ్ళకీ ఇప్పుడు తెలిసిందన్నమాట.

డబ్బుంటే చాలు అనుకునేవాళ్ళకి ఐస్‌లాండ్ సంగతి చెప్పాలి. ఉత్తరాన మంచులో ఉండే దీవి. 2016 నాటికి ఆ దేశం మొత్తం జనాభా 3 లక్షల 30 వేలు. 2011 లెక్కల్లో మన నిజామాబాద్ నగర జనాభా 3 లక్షల 11 వేలు. ఇంచుమించు ఒక నిజామాబాద్ అన్నమాట ఆ దేశం! చలికాలంలో అక్కడ పగలు నాలుగైదు గంటలే, ఈదురుగాలికి బంతి ఎటు పోతుందో తెలియదు. ఆ ఊళ్ళ మునిసిపాలిటీలు 2000 నుంచి పెద్ద పెద్ద షెడ్ల కింద మైదానాలు కట్టాయి. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య సహాయంతో అక్కడి జాతీయ సంఘం బడుల పక్కనే నూరుకు పైగా చిన్న మైదానాలు వేయించింది.

అసలు విశేషం మైదానాలు కాదు. పిల్లలకి ఆట నేర్పే ప్రతివాళ్ళూ శిక్షణ పొంది, పరీక్ష పాసై ఉండాలని సంఘం పట్టు పట్టింది. అయిదారేళ్ళ పాపకి బంతి తన్నడం నేర్పే మనిషి కూడా సర్టిఫికెట్టు ఉన్నవాడే. మన దగ్గర అయితే "చిన్నపిల్లలే కదా, ఎవరో ఒకరు చూస్తార్లే" అంటాం. అన్నం కలిపి ముద్దలు పెట్టే వయసులోనే తిండి అలవాట్లు పడతాయని తల్లులకి తెలుసు, ఆటకీ అంతే. పదిహేనేళ్ళు ఓపిక పట్టారు. ముందు గెలిచింది ఎవరనుకున్నారు? ఆడవాళ్ళు! 2009లోనే ఐస్‌లాండ్ మహిళల జట్టు యూరప్ కప్పు ప్రధాన పోటీలకి వెళ్ళింది. మగవాళ్ళు వెళ్ళడానికి 2016 దాకా పట్టింది. వెళ్ళి ఏకంగా ఇంగ్లండునే 2-1తో ఓడించారు. అప్పటి ఇద్దరు కోచ్‌లలో ఒకాయన పళ్ళ డాక్టరు, రోగుల పళ్ళు చూసుకుంటూనే కోచింగు చేసిన మనిషి. 2018లో ప్రపంచ కప్పుకీ వెళ్ళారు.

ఇంత చక్కటి ఇంట్లో కూడా ఒక మూల చీకటి ఉంది. 2021 ఆగస్టులో, జాతీయ జట్టు ఆటగాళ్ళ మీద ఆడవాళ్ళు చేసిన ఫిర్యాదులను సంఘం సరిగా పట్టించుకోలేదన్న గొడవ లేచింది. అధ్యక్షుడు రాజీనామా చేశాడు, మర్నాడు కార్యవర్గం మొత్తం దిగిపోయింది. ఆ అక్టోబరులో వాండా సిగుర్‌గీర్స్‌డోట్టిర్ అనే ఆవిడ అధ్యక్షురాలయ్యారు. పేరు పలకడం కష్టమే గానీ గుర్తుపెట్టుకోదగ్గ మనిషి. పూర్వం ఆడిన క్రీడాకారిణి, కోచ్‌గా చేశారు. యూరప్ దేశాల్లో జాతీయ ఫుట్‌బాల్ సంఘానికి అధ్యక్షురాలైన మొదటి మహిళ.

అఫ్గానిస్తాన్‌లో ఇంతకంటే ఘోరం. మహిళా క్రీడాకారిణులు తమ సంఘం అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలు చేశారు. విచారించిన ఫిఫా నైతిక విభాగం 2019లో ఆయన్ని జీవితాంతం ఆట నుంచి వెలివేసి పది లక్షల స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది. ఆ పిల్లలు ఫిర్యాదు చెయ్యాలంటే ఎవరికి చెయ్యాలి చెప్పండి? చెయ్యాల్సింది ఆ అధ్యక్షుడికే! అందుకే నేననేది, సంఘం నిర్వహణ అంటే కాగితాల గొడవ కాదు. అధ్యక్షుడి చేతిలో లేని ఫిర్యాదుల కమిటీ ఒకటి ఉందా లేదా అన్నదాని మీద ఓ ఆడపిల్ల బతుకు ఆధారపడి ఉంటుంది. మన దగ్గర కూడా 2022లో పదిహేడేళ్ళలోపు అమ్మాయిల జట్టు యూరప్ పర్యటనలో ఉండగా ఫిర్యాదు వచ్చింది, సహాయ కోచ్‌ను తొలగించారు.

ఆ 2022 మన ఫుట్‌బాల్‌కి ఎలాంటి ఏడాదో! జాతీయ సమాఖ్యకి 2020 డిసెంబరులో ఎన్నికలు జరగాలి. నియమావళి వ్యవహారం కోర్టులో ఉందంటూ జరపలేదు. మూడు దఫాలు పూర్తయిన అధ్యక్షుడు ప్రఫుల్ పటేల్ అలాగే కుర్చీలో కొనసాగారు. 2022 మేలో సుప్రీంకోర్టు ఆ కార్యవర్గాన్ని దింపి ముగ్గురు నిర్వాహకుల కమిటీని వేసింది. సంఘాన్ని సంఘమే నడుపుకోవాలి, బయటివాళ్ళు చెయ్యి పెట్టకూడదన్నది ఫిఫా నియమం. ఆగస్టు నడిమిలో మన సమాఖ్యని సస్పెండు చేసేసింది.

అప్పటికి గోకులం కేరళ అమ్మాయిల జట్టు ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంట్‌లో దిగి ఉంది. దేశంలో లీగు గెలిచి, ఆసియా మహిళా క్లబ్బుల పోటీలో ఆడటానికి వెళ్ళిన పిల్లలు. సామాన్లు విప్పుకున్నారో లేదో, మీ దేశం సస్పెండైంది, మీరు ఆడటానికి వీల్లేదన్నారు. ప్రధానమంత్రికి విజ్ఞప్తి చేసుకున్నారు. ఆగస్టు 23న తొలి ఆట ఉండాల్సింది, వాళ్ళు లేకుండానే పోటీ జరిగిపోయింది. సస్పెన్షన్ ఎప్పుడు తీసేశారో తెలుసా? 26న. పట్టుమని పన్నెండు రోజులు లేదు ఆ శిక్ష, కానీ అది పడింది ఎన్నికలు జరపని పెద్దల మీద కాదు, ఏడాదంతా చెమటోడ్చిన ఈ పిల్లల మీద. ఇంట్లో పెద్దవాళ్ళు పోట్లాడుకుంటే పస్తులుండేది పిల్లలే అని ఊరికే అన్నారా? అక్టోబరులో మన దేశంలో జరగాల్సిన అమ్మాయిల ప్రపంచ కప్పు మాత్రం దక్కింది. భువనేశ్వర్, గోవా, నవీ ముంబైలలో జరిగింది. మనవాళ్ళు ఆడిన మూడు ఆటలూ ఓడారు, అమెరికా చేతిలో 8-0, మొరాకో చేతిలో 3-0, బ్రెజిల్ చేతిలో 5-0. ఓడితే ఓడారు, ఆడారు కదా.

ఫిఫా నియమం తప్పా అంటే, తప్పని నేననను. ప్రభుత్వం మారినప్పుడల్లా మంత్రిగారి బావమరిది సంఘంలో కూర్చోకుండా ఆపేది ఆ నియమమే. కానీ అదే నియమం వెనక దాక్కుని ఎన్నికలు జరపకుండా ఏళ్ళు గడిపేవాళ్ళూ ఉన్నారు. బయటివాళ్ళు రాకూడదంటే ఇంటివాళ్ళు ఇల్లు సరిగ్గా ఉంచుకోవాలి. మన సమాఖ్యకి కొత్త నియమావళి రాసే పనిని 2023లో సుప్రీంకోర్టు ఎవరికి అప్పగించిందో తెలుసా? మన తెలుగువారే, రిటైర్డ్ న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావుగారికి. 2025 సెప్టెంబరులో కోర్టు కొన్ని మార్పులతో దాన్ని ఆమోదించింది, అక్టోబరులో సమాఖ్య స్వీకరించింది. ఆ నెలాఖరులోగా కాకపోతే మళ్ళీ సస్పెండు చేస్తామని ఫిఫా అప్పటికే ఉత్తరం రాసి కూర్చుంది! మాజీ ఆటగాళ్ళకీ, వారిలో ఆడవాళ్ళకీ కార్యవర్గంలో చోటు ఇవ్వాలన్నది కొత్త నియమావళిలో ఉంది.

నియమాలు కాగితం మీద ఉంటే ఏం లాభం అంటారా? నడిపే మనిషి కావాలి, నిజమే. హైదరాబాదు రహీంసాబ్ పేరు మీలో చాలామంది అజయ్ దేవగన్ సినిమా మైదాన్ వచ్చాక విని ఉంటారు. బడిపంతులు. 1951లో, 1962లో మన దేశానికి ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చిన కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచిందీ ఆయన చేతిమీదే. ఎక్కువమందికి తెలియనిదేమిటంటే, ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి చాలా ఏళ్ళు కార్యదర్శి. బంతిని కాళ్ళ దగ్గర అట్టేపెట్టుకోకుండా వెంటనే అందించాలనే నియమంతో ఒక పోటీ, చేతకాని కాలితోనే తన్నాలనే నియమంతో ఇంకో పోటీ పెట్టి కుర్రాళ్ళను తయారు చేశారు. ఖర్చులేని ఉపాయాలు! 1963లో ఆయన పోయారు. ఆ తర్వాత హైదరాబాదు ఆట మునుపటి వెలుగులో లేదు. ఒక్క మనిషి మీద నడిచే వ్యవహారానికి ఎప్పుడూ ఆ ప్రమాదం ఉంటుంది. అత్తగారి నోట్లో మాత్రమే ఉన్న ఆవకాయ కొలతలు ఆవిడతోనే పోయినట్టు, రాసిపెట్టుకోనిది నిలవదు.

ఇప్పుడు ఆడపిల్లల కాలం వచ్చింది. 2025 జూలైలో మన మహిళల జట్టు థాయ్‌లాండ్‌లో ఆ దేశపు జట్టునే 2-1తో ఓడించి 2026 ఆసియా కప్పుకి అర్హత సంపాదించింది. అర్హత పోటీలు ఆడి గెలిచి అక్కడికి చేరడం మనవాళ్ళకి అదే మొదటిసారి. రెండు గోళ్ళూ సంగీతా బాస్‌ఫోర్ కొట్టింది. ఆ పోటీలకి వెళ్ళిన జట్టులో నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య కూడా ఉంది. అదే ఏడు సమాఖ్య ఇచ్చే ఉత్తమ క్రీడాకారిణి బహుమతీ ఆ అమ్మాయికే వచ్చింది.

కాబట్టి మీ అమ్మాయి ఫుట్‌బాల్ ఆడతానంటే వద్దనకండి. పంపే ముందు మాత్రం, జ్యూరిక్ పెద్దలు సంఘాలను అడిగే ప్రశ్నల్లాంటివే మీరూ మీ ఊరి క్లబ్బువాళ్ళని, జిల్లా సంఘంవాళ్ళని అడగండి. నేర్పే మనిషికి శిక్షణ సర్టిఫికెట్టు ఉందా? సమాఖ్యవారి రిజిస్ట్రేషన్‌లో పిల్ల పేరు ఎక్కించారా, నంబరు ఎంత? పుట్టిన తేదీ సర్టిఫికెట్టులో ఉన్నట్టే రాశారా? "ఒక ఏడాది తగ్గిద్దామండీ, చిన్నపిల్లల జట్టులో చోటు దొరుకుతుంది" అని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి, పట్టుబడితే అనుభవించేది పిల్లే. పై ఊరు పోటీకి తీసుకెళుతుంటే వెంట ఆడమనిషి ఎవరొస్తున్నారు, రాత్రి బస ఎక్కడ, ఇబ్బంది వస్తే ఎవరికి ఫోను చెయ్యాలి? ఆ ఎవరో ఒకరు కోచ్‌గారే అయితే ఇంకో పేరు కూడా కావాలని అడగండి. మొహమాటపడకండి.

ఫీజు కడితే రసీదు తీసుకోండి. నోటిమాటగా "అందిందమ్మా" అంటే కాదు, సంఘం ముద్రతో, తేదీ వేసి, దేనికి కట్టామో రాసిన రసీదు.